ఏఎమ్ హెర్క్యులిస్ అయస్కాంతం ఎవర్నీ మింగట్లేదు

"ఏఎమ్ హెర్క్యులిస్ అని కొత్త నక్షత్రం కనిపెట్టారు, అది పెద్ద అయస్కాంతం, పక్క నక్షత్రాన్ని లాక్కుని మింగేస్తోంది, వెలుగు తగ్గుతోంది కాబట్టి త్వరలో పేలిపోద్ది, భూమికీ డేంజర్" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది.

కొత్తదేం కాదు, వెలుగు మారే నక్షత్రంగా 1923లోనే ఖగోళ శాస్త్రవేత్త మాక్స్ వోల్ఫ్ పట్టుకున్నాడు. నిజానికి ఇది ఒక్క నక్షత్రం కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. 1976లో టాపియా అనే ఖగోళ శాస్త్రవేత్త దీని కాంతిలో గట్టి ధ్రువణం (పోలరైజేషన్, అంటే కాంతి తరంగాలు ఒకే తీరులో ఊగడం; ఇంత గట్టిగా ఉందంటే బలమైన అయస్కాంతం ఉన్నట్టే) చూశాకే అయస్కాంతం కథ బయటపడింది, ఇలాంటి జంటల్ని పోలార్లు అనడం కూడా అందుకే.

అసలు గొడవ "అయస్కాంతం లాగడం" దగ్గరుంది. హైడ్రోజన్ గ్యాసేమన్నా ఇనప మేకులా అలా అతుక్కోడానికి? లాగేది గురుత్వాకర్షణే. భూమంత సైజులో సూర్యుడి బరువులో సగానికి పైగా కుక్కేసిన తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయిన నక్షత్రం మిగిల్చిన గుండె) ఒకటి, చిన్న ఎర్ర మరుగుజ్జు (సూర్యుడికంటే చల్లని చిన్న నక్షత్రం) ఒకటి, రెండూ 3 గంటల 6 నిమిషాలకో చుట్టు తిరిగేంత దగ్గరగా ఉంటే ఎర్రదాని పైపొర గ్యాస్ తెల్లదాని వైపు ఒలికిపోద్ది, అంతే. అయస్కాంతం పని ఆ తర్వాత మొదలవుద్ది: మామూలుగా ఈ గ్యాస్ చుట్టూ తిరిగి పళ్ళెంలా పరుచుకోవాలి, కానీ ఇక్కడ తెల్లదాని అయస్కాంత ఫీల్డ్ దాదాపు 1.4 కోట్ల గౌస్ (గౌస్ అంటే అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్, భూమిది అర గౌస్!), పళ్ళెం ఏర్పడనివ్వకుండా గ్యాస్‌ని తన రేఖల వెంట నడిపించి ధ్రువం దగ్గర దింపుద్ది, అది సెకనుకి వేల కిలోమీటర్ల స్పీడుతో పడి కోట్ల డిగ్రీలకి కాగి ఎక్స్ కిరణాలు చిమ్ముద్ది. తెల్లదాని స్పిన్‌ని కక్ష్యకి లాక్ చేసిందీ ఈ ఫీల్డే, అందుకే మనకి చందమామ చూపించినట్టు, తెల్లది ఎర్రదానికి ఎప్పుడూ ఒకే మొహం చూపిస్తుంటుంది.

వెలుగు తగ్గడమా? ఎర్రదాన్నుంచి వచ్చే గ్యాస్ తగ్గితే ఇది 13వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) నుంచి 15కి పడిపోద్ది, అంటే వెలుగు ఆరో వంతుకి. కొన్నాళ్ళకి మళ్ళీ లేస్తుంది. ఇలా ఎన్నిసార్లు పడి లేచిందో.

పేలుడు సంగతికొస్తే, సూపర్‌నోవాకి, అంటే తెల్లది మొత్తం పేలాలంటే, అది సూర్యుడికి 1.4 రెట్ల బరువు దగ్గరికి చేరాలి, ఇది చాలా కింద ఉంది. పైగా 285 కాంతి సంవత్సరాల దూరం. నోవా అయితే ఎప్పుడో రావొచ్చు, కానీ అది పైపొర మాత్రమే పేలడం. 1975లో నోవాగా వెలిగిన వీ1500 సిగ్నీ కూడా పోలారే, ఆ దెబ్బకి దాని స్పిన్ కక్ష్యతో లాక్ తప్పింది గానీ జంట మాత్రం ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది.