ముందు పెంచి వెనక వదిలేస్తే ఎలా?

పాత 1.6 లీటర్ ఇంజన్ మాజ్దా మియాటాకి (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) 1994 మోడల్ నుంచి వచ్చిన 1.8 లీటర్ కారు బ్రేకులు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందని మీరు రాశారు. గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అయ్యేంత బలం పాత బ్రేకులకీ ఉంది సార్, ఆపైన ఆపేది టైర్ల పట్టే. పెద్ద డిస్కుల లాభమల్లా వేడి తట్టుకోవడంలో. ట్రాక్ మీద రౌండ్లు కొట్టేవాళ్లకి అది చిన్న లాభమేం కాదు.

పని కూడా తేలికే. ముందు డిస్కు 235 మి.మీ. నుంచి 255కి పెరుగుతుంది. డిస్కుని నొక్కి పట్టే కాలిపర్ పాతదే, దాన్ని బిగించే బ్రాకెట్లు మాత్రం 1.8 కారువి కావాలి. 14 అంగుళాల చక్రాల్లోనే పట్టేస్తాయి. కానీ వెనక 231 మి.మీ. డిస్కులు అలాగే ఉంచమన్నారే, అదే నాకు మింగుడుపడలేదు. అలా చేస్తే ఆపే పని ఇంకా ఎక్కువగా ముందు బ్రేకుల మీదే పడుతుంది, వెనకవాటి వాటా తగ్గిపోతుంది. ముందు డిస్కులు మారిస్తే వెనక 251 మి.మీ.వి కూడా వేయించాల్సిందే. అసలు డిస్కులు మార్చేలోపు, ఉన్న బ్రేకులకే మంచి ప్యాడ్లు వేసి, కొత్త బ్రేక్ ఆయిల్ పోయించి చూడండి, రోడ్డు మీద తిరిగేవాళ్లకి చాలావరకు అదే సరిపోతుంది.