ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్ బాగుంది కానీ ఇల్లంతటికీ కాదు

"ఇన్‌ఫ్రారెడ్ ప్యానెళ్లు పెట్టుకుంటే హీట్ పంపు అవసరమే లేదు, కరెంటూ తక్కువే" అన్న మాటను ఒప్పుకోలేను. గోడకు తగిలించి, ఎదురుగా ఉన్నవాళ్లను నేరుగా వెచ్చబరిచే ఈ కరెంటు ప్యానెల్ ఒక యూనిట్ కరెంటు తీసుకుంటే ఇచ్చేది ఒక యూనిట్ వేడే. ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రమైన హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది కాబట్టి అదే యూనిట్‌కి సుమారు మూడింతలు ఇస్తుంది. జర్మనీలో మా అద్దె ఇంట్లో, నేను పని చేసుకునే బల్ల పక్కన 600 వాట్ల ప్యానెల్ ఉంది. దాని ఎదురుగా కూర్చుంటే చలికాలం పొద్దుటి ఎండ కాగినంత హాయి, అందులో అబద్ధం లేదు. రెండడుగులు పక్కకు జరిగితే మళ్లీ చలే. ఆపకుండా ఎనిమిది గంటలు వేస్తే దాదాపు 5 యూనిట్లు, అదీ ఒక్క మూలకి! కాసేపే వాడుకునే స్నానాల గదికైతే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. చలి లోపలికి దూరే పాత ఇళ్లవాళ్లకి ఇల్లంతా ఇవే పెట్టుకోమని చెప్పడం మాత్రం అన్యాయం.