కడుపు క్యాన్సర్‌కి కీహోల్ సర్జరీ మంచిదేనా?

పోయినేడాది మా పెద్దమ్మకి కడుపు క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. గుంటూరు కొత్తపేటలో చూసిన డాక్టరు ఓపెన్ ఆపరేషనే చేయాలన్నారు, విజయవాడ సూర్యారావుపేటలో ఇంకొకరు లాపరోస్కోపీ, అంటే కీహోల్ ఆపరేషన్ చేసి వారంలో ఇంటికి పంపించేస్తామన్నారు. ఇంట్లో రెండు రోజులు ఒకటే టెన్షన్. చిన్న రంధ్రాలతో అయిపోయేదానికి పెద్దమ్మ పొట్ట అంత కోయించడం ఎందుకని అన్నయ్య పట్టుబట్టాడు. ఆ డాక్టర్లిద్దరూ ఇలాంటివి ఇప్పటిదాకా ఎన్ని చేశారో కనుక్కోవాలని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

కీహోల్ పద్ధతి ప్రమాదకరమని నేను అనడం లేదు. కొరియాలో 1,400 మందికి పైగా తొలిదశ రోగులతో చేసిన క్లాస్-01 (KLASS-01) అధ్యయనంలో ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు లాపరోస్కోపీ వాళ్లలో 13 శాతం, ఓపెన్ వాళ్లలో దాదాపు 20 శాతం. తేడాకి ముఖ్య కారణం కుట్ల దగ్గర వచ్చే సమస్యలు తగ్గడమే. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు లాపరోస్కోపీలో 94.2 శాతం, ఓపెన్‌లో 93.3 శాతం, అంటే దాదాపు సమానం.

కానీ ఆ అధ్యయనంలో చేరాలంటే సర్జన్ అప్పటికే రెండు పద్ధతుల్లోనూ కనీసం 50 చొప్పున ఆపరేషన్లు చేసి ఉండాలి. పైగా అక్కడ నలభై దాటినవాళ్లకి రెండేళ్లకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్షలు చేయిస్తుంది కాబట్టి జబ్బు చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. మన దగ్గర ఏమవుతుందో అందరికీ తెలిసిందే. గ్యాస్ ట్రబుల్ అనుకుని నెలల తరబడి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని మింగి, అన్నం సయించక, బరువు తగ్గి, నల్లగా విరేచనం అయ్యాకగానీ ఎండోస్కోపీకి వెళ్లం. మా పెద్దమ్మా అంతే.

ముదిరిన దశ గురించి చైనాలో వెయ్యి మందికి పైగా రోగులతో చేసిన ఇంకో అధ్యయనం ఉంది. మూడేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కీహోల్‌లో 76.5 శాతం, ఓపెన్‌లో 77.8 శాతం. ఇక్కడా సమానమే, ఇక్కడా చేసింది చేయి తిరిగినవాళ్లే. ఇక వారంలో ఇంటికి పంపిస్తామన్న మాట సంగతి చూస్తే, నెదర్లాండ్స్‌లో 227 మందిని పోల్చిన అధ్యయనంలో రెండు రకాల వాళ్లూ ఆసుపత్రిలో ఉన్నది సగటున ఏడు రోజులే.

బయట గాటు ఎంతున్నా లోపల చేసే పని ఒకటే. జీర్ణాశయంలో కొంత భాగమో మొత్తమో తీసి, దాని చుట్టూ రక్తనాళాలని అంటుకుని ఉన్న లింఫ్ గ్రంథులని ఒలిచి, మిగిలిన భాగాన్ని, మొత్తం తీసేస్తే అన్నవాహికని, పేగుకి కలపాలి. ఆ అతుకు లీకైతే ప్రాణం మీదకి వస్తుంది. కనీసం 16 గ్రంథులైనా తీసి పరీక్షించకపోతే జబ్బు ఏ దశలో ఉందో సరిగ్గా చెప్పలేరు. అందుకే కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో రక్తస్రావం ఆగక ఓపెన్‌కి మారిన సర్జన్‌ని తప్పుపట్టకండి, ఆయన చేసింది సరైన పని.

లాపరోస్కోపీ నిజంగా అక్కరకొచ్చే చోటు ఇంకోటుంది, దాని గురించి రోగులకి చెప్పేవాళ్లు తక్కువ. పొట్ట లోపలి పొర మీద గింజల్లా పాకిన క్యాన్సర్ చాలాసార్లు సీటీ స్కాన్‌లో కనపడదు. ముందుగా చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి చూస్తే, ప్రయోజనం లేని పెద్ద కోత తప్పుతుంది, కీమో ముందు ఇవ్వాలా అన్నదీ తేలుతుంది. ముదిరిన జబ్బయితే ఈ పరీక్ష చేస్తారా అని తప్పకుండా అడగండి.

మా పెద్దమ్మకి కొత్తపేట డాక్టరే ఓపెన్ చేశారు. ఎన్ని చేశారని చివరికి నేనే అడిగాను, ఏమీ అనుకోకుండా లెక్క చెప్పారు. కుట్ల దగ్గర చీము పట్టి మూడు వారాలు డ్రెస్సింగ్ చేయించుకోవాల్సి వచ్చింది, ఆవిడ పడ్డ నొప్పి చూసి కీహోల్ చేయించి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది. తర్వాత బయాప్సీ రిపోర్టు వచ్చింది. తీసిన గ్రంథులు 27, వాటిలో జబ్బు ఉన్నవి 2. రిపోర్టులో ఆ లైను వెతికి చదవాలని ఇంట్లో ఎవరికీ తెలియదు, అన్నయ్యకి వేలు పెట్టి చూపించాను.