జలపాతంతో పాటు పాత రైలు బాట కూడా చూడండి

పెన్సిల్వేనియాలోని ఒహాయోపైల్ స్టేట్ పార్కు గురించి మీరు రాసింది చదివాను. జలపాతాల వర్ణన బాగుంది. కానీ కారు దిగి, ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నానికి తిరిగి వెళ్లిపోవచ్చు అన్న మీ సలహాతో ఏకీభవించలేను. ఆ పార్కు మధ్య నుంచే గ్రేట్ అలెగెనీ పాసేజ్ అనే నడక, సైకిల్ బాట వెళుతుంది. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ల దారి. ఒకప్పుడు రైళ్లు నడిచిన దారి కాబట్టి ఎక్కడా నిటారు ఎత్తులు ఉండవు. బరువు లాగే ఇంజను ఎక్కగలిగిన వాలును మోకాళ్ల నొప్పులున్న మనిషి కూడా ఎక్కగలరు!

మొన్న శరదృతువులో మా అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు కాన్‌ఫ్లుయెన్స్ ఊరి దగ్గర సైకిళ్లెక్కి ఈ బాట మీదుగా ఒహాయోపైల్ చేరాం. సుమారు 11 మైళ్లు, పక్కనే యాకగేనీ నది, పైగా ఆ దిక్కున వాలు కొద్దిగా కిందికే. అరవై ఎనిమిదేళ్ల నాన్నగారు ఎక్కడా దిగి నడవలేదు. వంతెన మీద ఆగి నీళ్ల హోరు చాలాసేపు విన్నారు. ఆ తరువాతే పార్కులోని కుకంబర్ జలపాతానికి వెళ్లాం. పులిహోర డబ్బాలు నది ఒడ్డున ఖాళీ అయ్యాయి.

పార్కుకు ప్రవేశ రుసుము లేదు, బాటకూ లేదు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి దూరాల నుంచి వచ్చే మనవాళ్లు మరొక్క రోజు ఉండి ఇది కూడా చూడాలని నా కోరిక. వ్యాసంలో ఈ బాట గురించి రెండు వాక్యాలైనా చేర్చండి, దయచేసి.