ఇంజను ఆపిన రెండు నిమిషాలకే బ్యాటరీని పరీక్షించకండి

కారు బ్యాటరీ మీద మీటరు పెట్టి, కనిపించిన అంకెను చూసి, అర నిమిషంలో ‘ఇది పోయింది, మార్చేయండి’ అనో ‘బాగానే ఉంది, వెళ్లండి’ అనో తేల్చేసే పద్ధతి మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. మీటరు తప్పు చెబుతోందని నేను అనడం లేదు. బ్యాటరీ ఏ స్థితిలో ఉండగా కొలిచారో తెలియనప్పుడు ఆ అంకెను బట్టి తీర్పు చెప్పకూడదు అంటున్నాను.

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. కొన్ని రోజులుగా సెల్ఫ్ బరువుగా తిరుగుతుండడంతో కారును ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. గంటసేపు నడిపించి తెచ్చిన బండి అది. ఇంజను ఆపిన రెండు నిమిషాలకే మీటరు పెడితే 12.9 వోల్టులు చూపింది, బ్యాటరీ భేషుగ్గా ఉందన్నారు. మర్నాడు తెల్లవారుజామున మా నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలని తాళం తిప్పితే టిక్కుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా దగ్గరున్న మల్టీమీటరుతో చూస్తే 11.9 ఉంది. రాత్రంతా బండి కదలలేదు, లైట్లేవీ వెలగలేదు. ముందురోజు కనిపించిన ఆ ఒక వోల్టు బ్యాటరీలో నిజంగా నిలవ ఉన్న శక్తి కాదని నాకు అప్పుడే అర్థమైంది.

దీనినే సర్ఫేస్ చార్జ్ అంటారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ 14 వోల్టుల చుట్టుపక్కల చార్జింగ్ ఇస్తున్నంతసేపూ, ఆపిన తరువాత మరికొంతసేపూ, ప్లేట్ల పైపొర దగ్గరి ఆమ్లం లోపలి ఆమ్లం కన్నా చిక్కగా ఉంటుంది. అది అంతటా సర్దుకునే వరకు వోల్టేజి ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు సెల్స్ ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ, పూర్తి చార్జింగుతో, నిలకడగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.7 దాకా చూపాలి. 12.4 అంటే దాదాపు ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు అని లెక్క. ఈ లెక్కలన్నీ రాత్రంతా విశ్రాంతిగా ఉన్న బ్యాటరీకే వర్తిస్తాయి. అంత సమయం లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆపి, మరికొన్ని నిమిషాలు ఆగి కొలవాలి. ఇప్పటి కార్లలో తలుపు తీసినా, తాళం దగ్గరకు తెచ్చినా లోపలి కంప్యూటర్లు మేల్కొని కరెంటు లాగుతాయి. అందుకే నేను ముందుగా బానెట్ తెరిచి, తలుపులు లాక్ చేసి, తాళం దూరంగా పెట్టి, అరగంట ఆగిన తరువాతే ప్రోబులు పెడతాను.

ఇంతకన్నా ఎక్కువ నష్టం కలిగించే పొరపాటు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. చార్జింగ్ లేని బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేసి, అది పోయిందని తీర్పు చెబుతారు. బ్యాటరీ మీద రాసి ఉన్న సీసీఏ అంకెలో (చలిలో ఇంజనును తిప్పడానికి ఆ బ్యాటరీ ఇవ్వగల కరెంటు, ఆంపియర్లలో) సగం కరెంటును 15 సెకన్లపాటు లాగినప్పుడు, 21 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర వోల్టేజి 9.6 కంటే దిగిపోకూడదన్నది ఆ పరీక్ష నియమం. చలి పెరిగితే ఆ హద్దు కూడా తగ్గుతుంది, 0 డిగ్రీల దగ్గర సుమారు 9.1 వచ్చినా చాలు. అయితే పరీక్ష మొదలుపెట్టే ముందు బ్యాటరీ కనీసం 12.4 చూపాలి. సగం చార్జింగుతో ఉన్నది ఎంత మంచి బ్యాటరీ అయినా ఈ పరీక్షలో తప్పుతుంది. ముందు పూర్తిగా చార్జ్ చేసి, విశ్రాంతినిచ్చి, ఆ తరువాత పరీక్షించడానికి ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట ఓపిక లేక ఇంకా పనికొచ్చే బ్యాటరీని పాత సామానులో పడేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

చేతిలో పట్టుకునే ఎలక్ట్రానిక్ టెస్టర్లు వచ్చాక ఈ ఇబ్బందులన్నీ తీరాయని చాలామంది నమ్ముతున్నారు. అవి మంచి పరికరాలే, కానీ మనం ఇచ్చిన వివరాలను బట్టే జవాబు చెబుతాయి. బ్యాటరీ మామూలు రకమా, ఆమ్లాన్ని గాజునార పొరల్లో పీల్చి ఉంచే ఏజీఎం రకమా అన్నది సరిగా ఎంచుకోవాలి. లేబుల్ మీది సీసీఏ అంకె అమెరికా ప్రమాణమైన ఎస్ఏఈ ప్రకారమా, యూరప్ ప్రమాణమైన ఈఎన్ ప్రకారమా, జర్మనీ ప్రమాణమైన డిఐఎన్ ప్రకారమా అన్నదీ చూడాలి, ఎందుకంటే ఒకే బ్యాటరీకి డిఐఎన్ అంకె ఎస్ఏఈ అంకె కన్నా బాగా తక్కువగా ఉంటుంది. డిఐఎన్ అంకెను ఎస్ఏఈ కింద నమోదు చేస్తే అరిగిపోయిన బ్యాటరీ కూడా నెగ్గుతుంది, తారుమారు చేస్తే నిక్షేపంలాంటిది ఓడిపోతుంది.

మా బంధువు ఒకరి కారు విషయంలో ఆ యంత్రం ‘మార్చాలి’ అని చీటీ ముద్రించి ఇచ్చింది. నేను వెళ్లి చూస్తే, నెగటివ్ టెర్మినల్ క్లాంపు చుట్టూ తెల్లగా, అక్కడక్కడ పచ్చగా పొడి పేరుకుని ఉంది, టెస్టర్ క్లిప్పును ఆ క్లాంపుకే తగిలించినట్టు గీతలు కనిపిస్తున్నాయి. సెల్ఫ్ కొట్టమని చెప్పి, ఒక ప్రోబు సీసపు పోస్టు మీద, రెండోది క్లాంపు మీద పెడితే ఆ కాస్త జాగాలోనే దాదాపు ఒక వోల్టు పోతోంది. క్లాంపు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వైరు బ్రష్షుతో సీసం మెరిసేదాకా రుద్ది, రాత్రంతా చార్జింగులో ఉంచి మరునాడు పరీక్షిస్తే అదే బ్యాటరీ నెగ్గింది. ఆ తరువాత రెండేళ్లు పనిచేసింది కూడా.

మూతలు తెరవడానికి వీలున్న బ్యాటరీ అయితే, ఆమ్లం నీటికన్నా ఎన్ని రెట్లు చిక్కగా ఉందో కొలిచే హైడ్రోమీటరునే నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే అది ఆరు సెల్స్ గురించీ విడివిడిగా చెబుతుంది. పూర్తి చార్జింగులో 1.265 చుట్టుపక్కల రావాలి, ఏ రెండు సెల్స్ మధ్యనైనా 0.050 మించి తేడా ఉంటే లోపం ఎక్కడుందో తెలిసిపోయినట్టే. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే మాత్రం కొలవకూడదు, చార్జ్ చేసి ఆ నీరు ఆమ్లంలో కలిసిన తరువాతే కొలవాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరిగా పెట్టుకోండి, చార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గరలో నిప్పు గానీ, నిప్పురవ్వ గానీ ఉండకూడదు.

పరీక్ష చేసినవారు చీటీ ఇచ్చినప్పుడు అందులో మొదటి వోల్టేజి ఎంత ఉందో, బ్యాటరీ రకం, ప్రమాణం ఏవి ఎంచుకున్నారో చూడండి. మొదటి వోల్టేజి 12.4 లేకపోతే ముందు చార్జ్ చేసి మళ్లీ చూడమని గట్టిగా అడగండి. నేనైతే నెలకొకసారి ఉదయాన్నే, బండి కదలకముందు, కొలిచిన అంకెను తేదీ వేసి డ్యాష్‌బోర్డు అరలోని చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను.