మా మెయిన్ రోడ్డుకు కన్సల్టెంట్లు కావాలట

మా పట్టణంలో గడియార స్తంభం నుంచి బస్టాండు దాకా ఉన్న కిలోమీటరున్నర రోడ్డును అందరికీ అనువైన వీధిగా మార్చేందుకు ఇంజినీరింగ్ కన్సల్టెంట్లు కావాలని పోయిన వారం ప్రకటన వెలువడింది. అప్పుడే వాట్సాప్ గ్రూపుల్లో ఊహాచిత్రాలు తిరుగుతున్నాయి. చెట్ల నీడ, ఎర్రరాళ్లు పరిచిన కాలిబాట, దాని పక్కనే ప్రత్యేకమైన దారిలో నవ్వుతూ సైకిలు తొక్కుతున్న ఒక అమ్మాయి. ఆ బొమ్మలో తోపుడు బండి ఒక్కటీ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, షాపుల ముందు అడ్డదిడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లు లేవు, ఆఖరికి ఒక ఆవు కూడా లేదు. నేను ఆ బొమ్మను పక్కన పెట్టి, ప్రకటనకు జతచేసిన టీవోఆర్‌ను, అంటే కన్సల్టెంటు ఏ పని ఎంతవరకు చేయాలో చెప్పే పత్రాన్ని, మొదటి పేజీ నుంచి చివరి సంతకం దాకా చదివాను.

చదివే అర్హత కొంత నాకుంది. డిప్లొమా పూర్తయ్యాక ఒక కన్సల్టెన్సీలో సర్వే సహాయకుడిగా చేరి, ఎండలో టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం మోసి, చివరికి ఏసీ గదిలో డీపీఆర్‌లు, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదికలు, రాసే బల్ల దాకా ఎదిగినవాణ్ణి. కాబట్టి ఇక్కడ నేను పెట్టబోయే తిట్లలో నా వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

కన్సల్టెంటు ఎవరన్న దాని మీదే మన పత్రికలు, మన కౌన్సిలర్లు మాట్లాడతారు. పెద్ద సంస్థ వస్తోందంటే సంతోషిస్తారు, ఊరి పేరు తెలియని సంస్థ వస్తోందంటే అనుమానిస్తారు. కానీ వీధిలో ఎవరికెంత చోటు దక్కాలన్నది కన్సల్టెంటు గడప తొక్కకముందే ఆ టీవోఆర్‌లో చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఏం కొలవమని అడిగామో అదే కొలుస్తారు, ఎందుకు డబ్బిస్తామన్నామో అదే చేస్తారు. అందులో వాళ్ల తప్పు వెతకడం దండగ.

మా పత్రంలో వాహనాల గణనకు నాలుగు పేజీలు కేటాయించారు. ఏ కూడలిలో, ఎన్ని గంటలు, ఏ ఫారంలో అన్నీ వివరంగా ఉన్నాయి. నడిచే మనుషుల ప్రస్తావన రెండు చోట్ల వచ్చింది. రెండో చోట వాళ్లు "ట్రాఫిక్ ప్రవాహానికి ఆటంకాలు" అన్న శీర్షిక కింద ఉన్నారు.

ఈ గణన ఎలా జరుగుతుందో చూడనివాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. కూడలికి నాలుగు వైపులా నలుగురు కుర్రాళ్లను రోజుకూలీకి కూర్చోబెడతారు. చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం, కాగితంలో గళ్లు: కారు, ఆటో, బస్సు, లారీ, ద్విచక్ర వాహనం, సైకిలు, బండి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. పదిహేను నిమిషాలకొక కాగితం. నా మొదటి కొలువులో నేనూ ఇలాగే ఒక వేపచెట్టు కింద కూర్చున్నాను. పొద్దున్నే అరటిపండ్ల బండి తోసుకొస్తున్న పెద్దాయన నా చేతిలో కాగితం చూసి ఆగి, "నా బండి రాయొద్దు బాబూ, రాస్తే రేపు ఇక్కడ ఉండనివ్వరు" అన్నాడు. ఇది లెక్క మాత్రమేనని, ఎవరినీ ఖాళీ చేయించడానికి కాదని ధీమాగా చెప్పి, ఆయన బండిని రాసుకున్నాను. ఆ గీత తర్వాత ఏమైందో ఆఫీసులో చేరాకే అర్థమైంది.

ఇలా గీసిన గీతలన్నిటినీ ఒకే కొలమానంలోకి మారుస్తారు. దాన్ని పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అంటారు. ఒక కారు ఒక పీసీయూ. నగర రోడ్ల సామర్థ్యంపై, రోడ్ల ప్రమాణాలు రూపొందించే భారత రోడ్ల కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1990లో వెలువరించిన ఐఆర్‌సీ 106 ప్రకారం, ట్రాఫిక్‌లో వాటాను బట్టి సైకిలు 0.4 నుంచి 0.5, బస్సు 2.2 నుంచి 3.7, చేతితో తోసే బండి 2 నుంచి 3. అంటే అరవై మందిని ఎక్కించుకున్న బస్సు మహా అయితే నాలుగు కార్ల లోపు. అరటిపండ్ల పెద్దాయన ఒక్కడే మూడు కార్లంత అడ్డం. నడిచే మనిషికి ఆ పట్టికలో వరుసే లేదు. రోడ్డు మీద ఏ బండి ఎంత చోటు తింటుందో లెక్కగట్టడానికి ఆ పట్టిక సరైనదే కావచ్చు, దాని పని అదే. కానీ ఆ మొత్తాన్ని రోడ్డు సామర్థ్యంతో భాగించి "రోడ్డు చాలడం లేదు, వెడల్పు చేయాలి" అని తేల్చినప్పుడు, ఆ తీర్పులో నడిచేవాళ్ల మాట ఒక్కటీ ఉండదు, ఎందుకంటే వాళ్లను అడిగినవాళ్లే లేరు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలకు కాక మనుషులకు రోడ్డు మీద చోటు పంచాలని స్పష్టంగా రాసింది. ఆ మాట ప్రతి డీపీఆర్ ముందుమాటలోనూ ఉంటుంది, నేనూ పెట్టాను. మూడో అధ్యాయం నుంచి మాత్రం పీసీయూలే మాట్లాడతాయి.

మా టీవోఆర్‌లో గణన ఒక పనిదినాన జరగాలని ఉంది. మా ఊరి సంత ఆదివారం.

ఇక అర్హతల సంగతి. గత మూడేళ్ల సగటు టర్నోవరు ఇంత, నాలుగు వరుసల రోడ్లు ఇన్ని కిలోమీటర్లు రూపొందించిన అనుభవం అంత అని రాశారు. ఇలా రాస్తే జాతీయ రహదారులు గీసే సంస్థలు తప్ప ఇంకెవరూ లోపలికి రాలేరు. వాళ్లు గొప్ప ఇంజినీర్లే, సందేహం లేదు, కానీ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి మలుపు ఎలా ఉండాలో ముప్పై ఏళ్లు ఆలోచించిన మనిషికి, మందుల షాపు ముందు ముసలామె రోడ్డు ఎలా దాటుతుందన్నది అలవాటైన ప్రశ్న కాదు. బజారు వీధులు గీసే చిన్న ఆర్కిటెక్టు బృందాలు టర్నోవరు దగ్గరే ఆగిపోతాయి.

సాంకేతిక మార్కుల్లో ఎక్కువ భాగం బయోడేటాలకే పోతుంది. పాతికేళ్ల అనుభవం ఉన్న టీమ్ లీడరు పేరు చూపించి మార్కులు తెచ్చుకుంటారు. ఆయన తొలి సమావేశానికి వస్తారు, కాఫీ తాగుతారు, మళ్లీ కనిపించరు. అదే పెద్దమనిషి బయోడేటా ఒకేసారి మూడు ఊళ్ల టెండర్లలో ఉండటం నా కళ్లతో చూశాను. పని చేసేది ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, అతని ముందు వేరే ఊరి డీపీఆర్ ఫైలు తెరిచి ఉంటుంది. ఒకసారి మేము సమర్పించిన నివేదికలో వాతావరణం అధ్యాయంలో ఇంకో జిల్లా పేరు అలాగే మిగిలిపోయింది. దాన్ని ఆమోదించిన కమిటీలో ఒక్కరూ పట్టుకోలేదు. ఆ రోజు మాకు ఊరట, ఈ రోజు నాకు సిగ్గు.

ఫీజు విడతలు చూస్తే మిగతా కథ తెలుస్తుంది. తొలి నివేదికకు కొంత, ముసాయిదా డీపీఆర్‌కు కొంత, తుది ఆమోదానికి మిగిలింది. అంటే మొదటి తట్ట మట్టి తీయకముందే కన్సల్టెంటు లెక్క సరి. తర్వాత కాంట్రాక్టరు తవ్వుతాడు, కాలిబాట వెళ్లాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎదురవుతుంది. డ్రాయింగులో దాని పక్కన చిన్న అక్షరాల్లో "సంబంధిత శాఖ తరలించవలెను" అని ఉంటుంది. ఆ శాఖకు డిపాజిట్ కట్టే డబ్బు అంచనాలో లేదు. కాంట్రాక్టరుకు గడువు దాటిపోతోంది. చివరికి ఒక మేస్త్రీ, అక్కడికక్కడే, పేవర్ బ్లాకులను దిమ్మె చుట్టూ తిప్పి పరిచేస్తాడు, చూపులేనివారి కోసం వేసిన పసుపుపచ్చ గీతల పలకలు నేరుగా స్తంభంలోకి వెళ్లి ఆగుతాయి. మన ఊళ్లలో కాలిబాట తుది రూపం గీసేది ఆ మేస్త్రీయే. ఆయనకు ఎవరూ ఫీజు ఇవ్వలేదు.

నిన్న సాయంత్రం టేపు పట్టుకుని మా బ్యాంకు ముందున్న కాలిబాట ఎత్తు కొలిచాను. 31 సెంటీమీటర్లు. నడిచేవాళ్ల సౌకర్యాలపై ఐఆర్‌సీ 103 మార్గదర్శకాలు 15 సెంటీమీటర్లకు మించవద్దంటాయి, ఏ అడ్డూ లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలంటాయి. మా అమ్మ ఆ గట్టు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తుంది. సిగ్నళ్ల సమయం లెక్కగట్టేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. పదిహేను మీటర్ల రోడ్డుకు పన్నెండున్నర సెకన్లు. మా అమ్మకు ఇరవై రెండు పట్టింది, డివైడరు సందులో ఒక క్షణం నిలబడింది కూడా. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. నడవడానికి కాలిబాట ఉండటం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని, అది వికలాంగులకూ అనువుగా ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో అన్నది. మా టీవోఆర్ ఆ తర్వాతే తయారైంది, అందులో ఆ ఊసు లేదు.

ఇలా కాక ఇంకోలా చేయవచ్చా అంటే, చేసినవాళ్లున్నారు. బెంగళూరులో టెండర్‌షూర్ పేరుతో జరిగిన పని ఆ పేరులోనే తన తెలివిని చెప్పుకుంది: వీధి ఎలా ఉండాలన్న ప్రమాణాలను టెండరు పత్రంలోకే ఎక్కించారు. జన అర్బన్ స్పేస్ అనే సంస్థ రూపకల్పనతో రెసిడెన్సీ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు వంటి చోట్ల వాహనాల వరుసలను మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పుకు కుదించి, మిగిలిన చోటంతా కాలిబాటకు ఇచ్చి, నీళ్లు, కరెంటు, కేబుళ్ల గొట్టాలను దాని కింద వేరువేరుగా వేశారు. ఎవరికి ఏ మరమ్మతు వచ్చినా మూత తీసి చూసుకోవాలే తప్ప రోడ్డు తవ్వకూడదన్నది ఆలోచన. ఖర్చు మామూలు తారు రోడ్డు కంటే చాలా ఎక్కువైంది, పని సాగిసాగి దుమ్ముతో జనం విసిగిపోయారు, పైగా మొదట ఎంచుకున్నవన్నీ నగరం నడిబొడ్డున ఉన్న కలిగినవాళ్ల రోడ్లే అన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా ఆ కాలిబాట మీద చక్రాల కుర్చీ పోతుంది, అది మాత్రం నేను చూశాను.

మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెన్నై పాండీ బజారు. మద్రాసులో తెలుగు సినిమా బతికిన రోజుల్లో మన పెద్దలు తిరిగిన వీధి, పిట్టి త్యాగరాయ చెట్టి పేరిట ఉన్న త్యాగరాయ రోడ్డు, ఒక కొసన పానగల్ రాజా పేరిట పార్కు. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడక, సైకిలు వంటి మోటారు లేని రవాణాకు ఒక విధానం ఆమోదించుకుంది. అంటే కన్సల్టెంటుకు ఏం చెప్పాలో నగరం ముందు తనకు తాను చెప్పుకుంది. కాంక్రీటు పోయకముందు కొన్ని రోజులు వాహనాలను ఆపి ప్రయోగం చేసి చూశారు, వ్యాపారుల అభ్యంతరాలు ఆ రోజుల్లోనే బయటపడ్డాయి, చివరికి వాహనాలను పూర్తిగా నిషేధించకుండా దారిని సన్నం చేసి కాలిబాటలను బాగా వెడల్పు చేశారు. 2019 నవంబరులో ప్రారంభమైంది. టీ నగర్‌లో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా అక్కడ సాయంత్రం కూర్చుంటాను. పిల్లలు పరుగెత్తుతారు, ముసలివాళ్లు బెంచీల మీద కూర్చుంటారు, మధ్యమధ్య ఒక బైకు కాలిబాట ఎక్కి వస్తుంది, దాన్ని ఎవరో ఒకరు తిడతారు. నాకు అక్కడ లోటుగా కనిపించేది వీధి వ్యాపారులే. వాళ్లను అంతకుముందే ఒక భవనంలోకి తరలించారు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి అమల్లో ఉంది, వాళ్లతో కూడిన కమిటీని సంప్రదించే వ్యవస్థ ఉంది. అయినా "అందరికీ వీధి" అన్నప్పుడు ఆ అందరిలోంచి మొదట జారిపోయేది బండివాళ్లే, వాళ్ల దగ్గర కొనుక్కునేది మాత్రం మనమే.

మా పట్టణానికి వస్తే, టీవోఆర్‌లో మార్చమని అడగవలసినవి పెద్ద విషయాలేమీ కావు. నడిచేవాళ్లనూ బస్సుల్లోని మనుషులనూ లెక్కించాలి, అందులో ఒక సంత రోజు ఉండాలి. టర్నోవరు తగ్గించి, కట్టి చూపించిన బజారు వీధులకు మార్కులివ్వాలి, అవి కూడా కమిటీ స్వయంగా వెళ్లి చూశాకే. డ్రాయింగు గీయకముందు గుంటలు తీసి భూమిలో ఏముందో చూడాలి, స్తంభాల తరలింపు ఖర్చు అంచనాలోనే ఉండాలి. డ్రమ్ములూ సున్నపు గీతలతో ఒక నెల ప్రయోగం నడవాలి. ఫీజులో కనీసం మూడో వంతు, వీధి తెరిచి ఒక వానాకాలం గడిచాకే ఇవ్వాలి, ఆ దిమ్మె దగ్గర మేస్త్రీ పక్కన నిలబడే ఇంజినీరు పేరు ఒప్పందంలో ఉండాలి. ఫీజు పెరుగుతుందని అంటారు. పెరగనివ్వండి. కాలిబాటను రెండుసార్లు వేయడం కంటే చవకే.

టెండర్లు వేయకముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో మాట్లాడే హక్కు పోటీదారులకే ఉంటుంది, మనకు ఉండదు. కానీ ఆ తేదీలోపు కమిషనరుకు రాతపూర్వకంగా ఇస్తే సవరణ పత్రం జారీ చేయడానికి అడ్డేమీ లేదు. నా ఉత్తరం దాదాపు సిద్ధమైంది, బండ్ల గురించిన పేరా ఒక్కటే మిగిలింది. దాన్ని నా అంతట నేను రాయదలచుకోలేదు. రేపు పొద్దున్న ఆరింటికి, బేరాలు మొదలవకముందే, పండ్ల బజారు వాళ్లతో కూర్చుని ఎవరికి ఎన్ని అడుగులు కావాలో అడిగి రాసుకుంటాను. రాగలిగినవాళ్లు గడియార స్తంభం దగ్గరికి రండి, ఒక టేపు కూడా తెచ్చుకోండి; నాది మూడు మీటర్లదే.