గుండిగ మీద ఏడు పేర్లు

దానం చేయడం ఎంత తేలికో ట్రస్టు పెట్టాకే తెలిసింది. దానానికి ఒక చెయ్యి చాలు. ట్రస్టుకు ఏడుగురు మనుషులు, రెండు రబ్బరు స్టాంపులు, తీర్మానాలు రాసే ఠరావు పుస్తకం, రసీదులు చింపే పావతీ పుస్తకం, తాళంచెవి పోయిన ఇనుప బీరువా కావాలి. ఇవన్నీ చూసుకునేసరికి పొద్దుగూకుతుంది. ఇది తెలియని జనం "ఇంతకీ మీరు ఊరికి ఏమిచ్చిండ్రు?" అని అడుగుతున్నారు. కార్యదర్శిని నేనే కాబట్టి సంజాయిషీ ఇచ్చుకోవలసిన బాధ్యతా నాదే.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. ఏటికి ఇవతల మహారాష్ట్ర, అవతల తెలంగాణ. కాగితం మరాఠీలో రాసుకుంటాం, పోట్లాట తెలుగులో పెట్టుకుంటాం. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వస్తే పన్నెండు రోజులు అన్నదానం చేద్దామని చందాలు వేసుకున్నాం. హైదరాబాదులో స్థిరపడిన మా ఊరివాళ్ళు కూడా ధారాళంగా పంపారు. యాత్రికులు మాత్రం మేం అనుకున్నంత తినలేదు. నాలుగు లక్షల పైచిలుకు మిగిలింది. ఎవరి చందా వాళ్ళకు వాపసు ఇచ్చేద్దామన్నాడు ఒక అమాయకుడు. తక్కినవాళ్ళం అతని వంక జాలిగా చూసి ట్రస్టు పెట్టేశాం.

ఈ రాష్ట్రంలో ధర్మసంస్థ పెడితే 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద నమోదు కావాలి. ట్రస్టీని మరాఠీలో విశ్వస్త్ అంటారు. బోర్డు రాసినవాడు తెలుగులోనూ అదే మాట దించి "విశ్వస్త మండలి" అని రాశాడు. మా ఊళ్ళో సంస్కృతం వచ్చిన ఆఖరి మనిషి, రిటైరైన పంతులుగారు, ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయారు. విశ్వస్త అంటే విధవ అని అమరకోశంలో ఉందట. "వితంతువులకు ఒక సంఘం పెట్టిండ్రని సంబరపడ్డనయ్యా. లోపలికొచ్చి చూస్తే అందరికీ మీసాలే ఉన్నయి" అన్నారు. బోర్డు మార్చలేదు. పెయింటుకు మళ్ళీ ఠరావు కావాలి.

దాతల సంగతికొద్దాం. గుప్తదానం మహాపుణ్యమని మన పెద్దలు చెప్పారు. ఇన్‌కంటాక్స్ వాళ్ళ అభిప్రాయం వేరు. ఇచ్చినవాడి పేరూ చిరునామా లేని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతమో, లక్ష రూపాయలో, ఏది ఎక్కువైతే అది దాటితే, పైదాని మీద 30 శాతం పన్ను. పుణ్యం మీద ఇంత గట్టి స్లాబు పెట్టింది మన దేశమేనేమో. మా దాతలతో మాత్రం ఆ భయం లేదు. ఐదు వందలా ఒక రూపాయి ఇచ్చినవాడు కూడా పన్ను మినహాయింపు సర్టిఫికెట్ ఏదని మే నెలంతా ఫోన్ చేస్తాడు. ఒకాయన మూడు వేలు నోట్ల కట్టగా తెచ్చిచ్చాడు. రెండు వేలు దాటిన నగదుకు మినహాయింపు రాదని చెబితే, నోట్లు జేబులో పెట్టుకుని "ఆలోచిస్త" అన్నాడు. రెండేళ్ళయింది, పాపం ఇంకా ఆలోచిస్తున్నాడు.

డబ్బు బ్యాంకులో ఫిక్సుడు వేశాం. ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు వడ్డీ వస్తుంది. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదిలోనే ధర్మకార్యాలకు ఖర్చు పెట్టాలన్నది నిబంధన, అంటే 23,800. మీ ఆదాయం అసలు పన్ను దాకా వస్తే గదా అని సీఏ గారు నవ్వాడు. నిబంధనను నవ్వులాటగా తీసుకునే మనుషులం కాము. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా దరఖాస్తులు పరిశీలిస్తాం. మార్చి 31 దగ్గరపడుతుంటే ఎవరు కనపడితే వాళ్ళను పట్టుకొని సాయం చేస్తాం. పోయిన మార్చిలో వీధి చివర నిలబడ్డందుకు కబడ్డీ పిల్లలకు బనియన్లు దక్కాయి. అసలు అర్జీ పెట్టుకున్న భజన మండలికి హార్మోనియం దక్కలేదు, వాళ్ళు ఆ వారం యాత్రకు పోయారు.

ఇక గుండిగలు. దీని గురించే ఊళ్ళో ఎక్కువ అపోహలున్నాయి.

బచత్ గట్, అంటే పొదుపు సంఘం, ఆడవాళ్ళు రెండు పెద్ద గుండిగలు, మూతలు, గంటెలు అడిగారు. పేదింటి పెళ్ళిళ్ళకు ఊరికే ఇస్తారట, ఉన్నవాళ్ళ దగ్గర కొంత కిరాయి తీసుకుంటారట. ఆలోచన బాగుంది. బాగున్న ఆలోచనను వెంటనే ఒప్పుకుంటే ట్రస్టు గౌరవం ఏం కావాలి? మూడు కొటేషన్లు తెమ్మన్నాం. తెచ్చారు. గట్ పుట్టినప్పటి నుంచి లెక్కలు తెమ్మన్నాం. అవీ తెచ్చారు, మా లెక్కల కంటే శుభ్రంగా ఉన్నాయి. చివరికి పదకొండు వేలు మంజూరు చేశాం. ఇచ్చే రోజున ఫ్లెక్సీ, షామియానా, ఏడు శాలువాలు, అతిథికి మెమెంటో, ఉప్మా, చాయ్ కలిపి తొమ్మిది వేల రెండు వందలు అవుతాయని అంచనా వేశాం. పావలా కోడికి ముప్పావలా మసాలా అని గిట్టనివాళ్ళు అన్నారు. మసాలా లేని కోడిని వాళ్ళింట్లో తింటారేమో.

సామాను కొని మా ఇంట్లో దించాం. గుండిగ అంచున ట్రస్టీల పేర్లు కొట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏకగ్రీవం అక్కడితో సరి. పేర్లు వయసు ప్రకారమా, చందా ప్రకారమా? దానికి మూడు సమావేశాలు పట్టాయి. ఒకరు పేరు పక్కన బి.ఎ., బి.ఇడి. ఉండాలన్నారు. కొట్టేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు, చుక్కలకు కూడా. కోశాధికారి తన ఇంటిపేరు పొడవు తగ్గించుకోవడానికి ఒప్పుకోలేదు, అది తాతల నాటిదట.

ఈ మధ్యలో గట్ అధ్యక్షురాలు వచ్చింది. నాకు వరుసకు వదిన. అరుగు మీద కూర్చోలేదు, కొంగు నడుముకు చుట్టుకొని గుమ్మంలోనే నిలబడింది.

"మర్దీ, ఆయితారం లగ్గం ఉన్నది. గుండిగలు ఇస్తరా?"

"పేర్లు కొట్టాలె వదినే."

"అన్నం ఉడకనీకి పేర్లెందుకు?"

పాలనా వ్యవహారాల మీద అవగాహన లేకపోతే ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

పేర్లు కొట్టించాం. కొట్టించిన తొమ్మిదో నాడు మూడో పేరు పెద్దమనిషి కాలం చేశారు. మంచి మనిషి, సమావేశాల్లో నిద్రపోయేవారు కాని ఎవరినీ అడ్డుకోలేదు. పదకొండో రోజు ఏం చేయాలో శాస్త్రంలో ఉంది. ట్రస్టీ మారితే 90 రోజుల్లో చేంజ్ రిపోర్టు పెట్టాలని చట్టంలో ఉంది, 22వ సెక్షన్. శాస్త్రం పాటించాం. చట్టం దగ్గరికొచ్చేసరికి, ఆ కుర్చీ కొడుకుకా, ఎక్కువ చందా ఇచ్చిన కాంట్రాక్టరుకా అని తేలక తొంభై రోజులూ కరిగిపోయాయి. ఇప్పుడు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో అర్జీ రాయాలి. అది పట్టుకొని గడ్చిరోలి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాట. 1860లో ఇంగ్లిషువాళ్ళు అప్పర్ గోదావరి జిల్లా పెట్టినప్పుడు సిరోంచే జిల్లా కేంద్రం. మా తాతలు అప్పుడే ట్రస్టు పెట్టి ఉంటే నడిచిపోయి ఇచ్చి వచ్చేవాళ్ళం. చట్టం వచ్చింది 1950లో కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. ముందుచూపు లేనివాళ్ళు అలాగే అడుగుతారు.

పోయినవారి పేరుతో, రానివారి పేరు లేకుండా గుండిగలు పంచడం సబబు కాదని వాయిదా వేశాం. ఒకదాంట్లో మా ఆవిడ వడ్లు పోసింది. ఇది ట్రస్టు ఆస్తి దుర్వినియోగం అవుతుందా అని సీఏని అడిగాను. స్థిరాస్తి అమ్మితేనో ఏళ్ళ తరబడి లీజుకిస్తేనో 36వ సెక్షన్ కింద ముందుగా అనుమతి కావాలి గాని గుండిగలు స్థిరాస్తి కాదన్నాడు. ఆరు నెలలుగా అంగుళం కదల్లేదు, కాబట్టి నాకు మాత్రం అనుమానంగానే ఉంది.

మొన్న వార్షిక సమావేశం పెట్టుకున్నాం. నలభై మందికి భోజనం. వడ్లు తీయడానికి మా ఆవిడ ససేమిరా అంది, రెండో గుండిగలో చింతపండు ఉందట. చేసేది లేక వదిన ఇంటికి పోయాను. గట్ ఆడవాళ్ళు మనిషికి ఇంత వేసుకొని వాళ్ళే ఒక గుండిగ కొనుక్కున్నారని అక్కడ తెలిసింది. అప్పటికే నాలుగు లగ్గాలు తిరిగొచ్చిందట, అడుగు నల్లబడింది. చుట్టూ తిప్పి చూశాను. అంచున ఒక్క అక్షరం లేదు. ఎవరిదో ఎలా గుర్తుపడతారో!

పద్ధతి ప్రకారం జేబులోంచి పెన్ను తీశాను. "పావతీ రాసియ్యాల్నా వదినే?"

"పావతీ ఏంజేసుకోను మర్దీ? తోమి ఇయ్యి. పోయినసారి లాగ అడుగంటనియ్యకు."

పోయినసారి తీసుకున్నది మా కోశాధికారి అని ఆవిడతో చెప్పలేదు.